బడి గుమ్మంలో యంత్రం

(ఆదివారం తెలుగు తరగతుల తల్లిదండ్రుల సమావేశంలో, మన దేవాలయం కమ్యూనిటీ హాలులో మా బృందం చేసిన ప్రసంగ పాఠం. ఆ రోజు రాలేకపోయిన సభ్య కుటుంబాలు అడిగినందున ఇక్కడ ఇస్తున్నాం.)



ప్రసాదం తిన్న వెంటనే కూర్చోబెట్టాం, ఏమీ అనుకోకండి. పిల్లలు పై గదుల్లో ఉన్నారు. వాళ్లు దిగివచ్చేలోపు ఈ మాటలు ముగించాలని మా ఆలోచన. వాళ్ల ముందు అనకూడని మాటలని కాదు. అసలు ఈ విషయం మనకంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. లాక్‌డౌన్ అంటే ఏ మూల కూర్చోవాలో, లైటు ఎవరు ఆర్పాలో, ఫోను ఎలా సైలెంట్‌లో పెట్టాలో రెండో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. తెలియనిది మనకే.

మేము ఆరు కుటుంబాల వాళ్లం. మనలో ఒకరు చదువుతున్నా ఇది ఆరుగురం కలిసి రాసుకున్నది. ప్రభుత్వ పాఠశాలలన్నిటిలో ఆయుధాలను పసిగట్టే యంత్రాలు తప్పనిసరి చేయాలా అన్న మాట మన రాష్ట్రంలో నడుస్తోంది కదా. ఆ చట్టం కావాలని ఒక ఉత్తరం మీద సంతకాలు పెట్టమని కొందరు సభ్యులు అడిగారు. సంతకం పెట్టేముందు చదువుదాం అనుకున్నాం. చదవడం మొదలుపెట్టాక సంతకం అంత తేలిక కాలేదు.

2024 సెప్టెంబరు 4, బుధవారం. మూడు రోజుల్లో వినాయక చవితి. మాలో నలుగురు ఈ హాలులోనే పిల్లల కోసం మట్టి ముద్దలు సంచుల్లో కడుతున్నారు. పది దాటాక ఒక్కొక్కరి ఫోనూ మోగడం మొదలైంది. విండర్‌లో, అపలాచీ హైస్కూల్లో కాల్పులు. ఇక్కడి నుంచి గంట ప్రయాణం. మాలో ఒకరి అమ్మాయి వేరే బడిలో చదువుతోంది. అక్కడ కూడా తలుపులు మూసేశారు. "అమ్మా, లాక్‌డౌన్. ఫోన్ చెయ్యకు, మోగుతుంది" అని మెసేజ్ పెట్టింది. తరువాత నలభై నిమిషాలు ఏమీ లేదు. ఆ నలభై నిమిషాలూ ఆ తల్లి ఒకే మట్టి ముద్దను చేతిలో పట్టుకుని కూర్చుంది. ఆ బడిలో ఏమీ జరగలేదు, ముందు జాగ్రత్తగా మూశారంతే. కానీ విండర్‌లో ఇద్దరు పద్నాలుగేళ్ల పిల్లలు, ఇద్దరు లెక్కల టీచర్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. తొమ్మిది మంది గాయపడ్డారు. కాల్చినవాడని అరెస్టు చేసిన పిల్లవాడికీ పద్నాలుగేళ్లే.

దర్యాప్తు అధికారులు చెప్పిన ఒక సంగతి మమ్మల్ని వదలలేదు. ఆ రైఫిల్ స్కూలు బస్సులోనే బడికి వచ్చింది. విడదీయడానికి వీలుకాని పొడవాటి రైఫిల్. బ్యాగులో పెట్టి, పైకి వచ్చిన భాగానికి పోస్టర్ అట్ట చుట్టి తెచ్చాడు. ప్రాజెక్టు పని కోసం పోస్టర్ అట్టలు పట్టుకుని బస్సెక్కే పిల్లల్ని మనం రోజూ చూస్తాం. గుమ్మంలో ఒక యంత్రం ఉంటే? అది మోగేదేమో. మోగి ఉంటే ఆ నలుగురూ ఉండేవారేమో. చట్టం కావాలనేవాళ్ల వాదన మొత్తం ఈ ఒక్క ప్రశ్నలో ఉంది. దాన్ని తేలిగ్గా తీసేయడం మా వల్ల కాలేదు.

ఈ యంత్రాలు ఎలా పనిచేస్తాయో కొంచెం చెప్పాలి. పాతకాలపు మెటల్ డిటెక్టర్ మనకు తెలిసిందే, కోర్టుల్లో ఉంటుంది. మనిషి దాటే చట్రంలో అయస్కాంత క్షేత్రం పుట్టిస్తారు, లోహం ఏది దాటినా అది చెదురుతుంది, గంట మోగుతుంది. తాళాలు, బెల్టు, చిల్లర అన్నీ తీసి తట్టలో వెయ్యాలి. ఇప్పుడు బడులకు అమ్ముతున్నవి వేరే రకం. రెండు స్తంభాల మధ్య నుంచి ఆగకుండా నడిచి వెళ్లిపోవచ్చు. సెన్సర్లు పట్టిన సంకేతాన్ని సాఫ్ట్‌వేర్ చూసి, ఈ లోహం ఆకారం, పరిమాణం తుపాకీని పోలి ఉందా లేదా అని లెక్కకడుతుంది. పోలి ఉంటే తెరమీద ఆ మనిషి బొమ్మ చుట్టూ ఒక చదరం గీస్తుంది. అప్పుడు సెక్యూరిటీ మనిషి ఆపి బ్యాగు చూడాలి. మూడో రకం గుమ్మంలో ఉండేది కాదు. ఉన్న కెమెరాల్లో ఎవరి చేతిలోనైనా తుపాకీ కనిపిస్తే హెచ్చరించే సాఫ్ట్‌వేర్. ఈ మూడింటినీ కలిపి ఒకటే మాటగా వాడుతున్నారు. పెద్ద గందరగోళం అక్కడే ఉంది.

వేగంగా నడిచే ఆ రెండో రకం మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 నవంబరులో ఒక చర్య తీసుకుంది. ఇవాల్వ్ అనే కంపెనీ తన యంత్రం ఆయుధాలన్నిటినీ పట్టేస్తుందని, మామూలు వస్తువుల్ని వదిలేస్తుందని చేసిన ప్రచారం నిజం కాదని ఆరోపించింది. కంపెనీ రాజీకి వచ్చింది. కొన్ని పాఠశాలలకు ఒప్పందం రద్దు చేసుకునే అవకాశం ఇవ్వాల్సి వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు, 2022 అక్టోబరు 31న, న్యూయార్క్ రాష్ట్రంలో యూటికా ఊరి హైస్కూల్లో ఒక విద్యార్థి పెద్ద కత్తితో అదే యంత్రం దాటి లోపలికి వెళ్లి ఇంకో విద్యార్థిని పొడిచాడు. ఆ ఊరి బడుల జిల్లా ఆ యంత్రాల కోసం సుమారు 37 లక్షల డాలర్లు పెట్టింది. తరువాత తీసేసింది.

కెమెరాల సంగతి ఇంకో రకం. 2025 జనవరి 22న నాష్‌విల్‌లో ఆంటియాక్ హైస్కూల్ క్యాంటీన్‌లో పదహారేళ్ల అమ్మాయిని తోటి విద్యార్థి కాల్చి, తాను కూడా కాల్చుకున్నాడు. అక్కడ తుపాకీని గుర్తుపట్టే కెమెరా సాఫ్ట్‌వేర్ ఉంది. కెమెరాకు తుపాకీ సరిగ్గా కనిపించలేదు, హెచ్చరిక రాలేదు. అదే ఏడాది అక్టోబరులో బాల్టిమోర్ కౌంటీలో అదే తరహా సాఫ్ట్‌వేర్ పదహారేళ్ల కుర్రాడి చేతిలోని చిప్స్ పొట్లాన్ని తుపాకీ అనుకుంది. స్నేహితులతో బయట కూర్చుని తింటున్న పిల్లవాడు. పోలీసులు తుపాకులు గురిపెట్టి, మోకాళ్ల మీద కూర్చోబెట్టి, బేడీలు వేశారు. అక్కడి భద్రతా విభాగం ఆ హెచ్చరికను చూసి రద్దు చేసిందట. రద్దు చేసిన మాట ప్రిన్సిపాల్‌కు చేరేసరికే పోలీసులకు కబురు వెళ్లిపోయింది. ఆ కుర్రాడు నల్లజాతి పిల్లవాడు. మన పిల్లల ఒంటి రంగు ఏమిటో, గడ్డం వచ్చిన పదహారేళ్ల మన అబ్బాయి చీకట్లో ఎలా కనిపిస్తాడో ఈ హాలులో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

ఇవి విన్నాక మాలో ముగ్గురు "అయితే ఈ యంత్రాలు దండగ" అన్నారు. మిగిలిన ముగ్గురు ఒప్పుకోలేదు. వాళ్ల దగ్గరా ఆధారం ఉంది. 1992లో న్యూయార్క్ నగరంలో హైస్కూలు విద్యార్థుల్ని అడిగి చూశారు. మెటల్ డిటెక్టర్ ఉన్న బడుల్లో 7.8 శాతం మంది బడికి ఆయుధం తెచ్చామన్నారు, లేని బడుల్లో 13.6 శాతం. తేడా చిన్నది కాదు. కానీ అదే లెక్కలో బడి బయట ఆయుధం పెట్టుకు తిరగడంలో, కొట్లాటల్లో, బెదిరింపుల్లో తేడా కనిపించలేదు. అంటే గుమ్మం గుమ్మం వరకే పనిచేసింది. 2011లో పదిహేనేళ్ల పరిశోధనల్ని ఒకచోట చేర్చి చూసినవాళ్లు, ఇవి పిల్లల్ని సురక్షితంగా ఉంచుతాయో లేదో తేల్చడానికి తగినంత ఆధారం లేదన్నారు. కొన్నిచోట్ల యంత్రం ఉన్న బడిలో పిల్లలు తక్కువ భద్రంగా ఉన్నామనుకున్నారని కూడా రాశారు.

పెద్ద సంఘటనలు చూస్తే లెక్క ఇంకా చిక్కుపడుతుంది. శాండీ హుక్‌లో 2012లో వచ్చినవాడు తాళం వేసిన తలుపు పక్క అద్దాన్ని కాల్చి లోపలికి దూరాడు. మిన్నెసోటాలో రెడ్ లేక్ హైస్కూల్లో 2005లోనే మెటల్ డిటెక్టర్ ఉంది. వచ్చినవాడు ఆ డిటెక్టర్ దగ్గర ఉన్న కాపలా మనిషినే ముందు కాల్చాడు. అలా తెగించి వచ్చేవాడిని యంత్రం ఆపదు. దాచుకుని తెచ్చేవాడిని ఆపవచ్చు. విండర్‌లో తెచ్చింది దాచుకునే. 2023 జనవరిలో వర్జీనియాలో న్యూపోర్ట్ న్యూస్‌లో ఆరేళ్ల పిల్లవాడు ఇంట్లో దొరికిన పిస్తోలు బ్యాగులో తెచ్చి టీచరును కాల్చాడు. ఆరేళ్లు! మన రెండో గదిలో 'అ ఆ'లు దిద్దుతున్న పిల్లల వయసు. ఆ తరువాత ఆ జిల్లా అన్ని బడుల్లోనూ డిటెక్టర్లు పెట్టింది. "హైస్కూళ్లకు చాలు, చిన్నపిల్లలకు ఎందుకు" అని మేము మొదట రాసుకున్న వాక్యాన్ని ఇది చదివాక కొట్టేశాం.

మాలో ఇద్దరం యంత్రం ఉన్న ఒక హైస్కూలుకు అనుమతి తీసుకుని ఉదయం వెళ్లి చూశాం. ఆ బడి పేరు చెప్పం, మమ్మల్ని మర్యాదగా చూసుకున్నారు. పిల్లలు క్రోమ్‌బుక్కులు బ్యాగులోంచి తీసి రెండు చేతులతో తలపైకి ఎత్తుకుని నడుస్తున్నారు, వరదలో సామాను మోస్తున్నవాళ్లలాగా. క్రోమ్‌బుక్కు బ్యాగులో ఉంటే యంత్రం అనుమానిస్తుంది. మూడు రింగుల బైండరు, స్టీలు నీళ్ల సీసా కూడా అంతే. ఒక పెద్దావిడ, సెక్యూరిటీ ఉద్యోగి, దాదాపు ప్రతి పిల్లనీ పేరుపెట్టి పలకరిస్తోంది. "నిన్న ఏడ్చినట్టున్నావు, ఇవాళ బాగున్నావా" అని ఒక పిల్లనడిగింది. ఆ ఉదయం మొత్తంలో మాకు బాగా నచ్చింది ఆవిడే. నచ్చనిది ఏమిటంటే, బయటికి వస్తూ జిమ్ము వైపు చూశాం. అక్కడ పక్క తలుపు మూసుకుపోకుండా ఎవరో ఒక బూటు అడ్డం పెట్టారు. బ్యాండు పిల్లలు సామాను తెచ్చుకోవడానికట. ఇన్ని లక్షల యంత్రం ఆ తలుపుకు లేదు.

ఇంకో లెక్క. ఒక బడిలో 2,500 మంది అనుకుందాం. పాతరకం డిటెక్టర్లు రెండు పెట్టారు, ఒక్కొక్కరికి అయిదు సెకన్లు పడుతుంది. గంటా ముప్పావు వరుస. ఆ వరుస బయట, రోడ్డు పక్కన, చలిలో. కొత్తరకమైతే ఆగనక్కర్లేదు, కానీ పదిమందిలో ఒకరికి మోగినా రోజుకు 250 బ్యాగులు విప్పాలి. వారం పదిరోజులయ్యాక విప్పేవాళ్లకు విసుగొస్తుంది. "క్రోమ్‌బుక్కే కదా, పో" అంటారు. విమానాశ్రయంలో ఆవకాయ సీసా దగ్గర మనం పడే పాట్లు రోజూ ఉదయం ఏడుగంటలకు అనుకోండి. "మోగదా అమ్మా వాడి వెండి మొలతాడు?" అని ఒక అమ్మమ్మగారు మమ్మల్ని అడిగారు. నవ్వుకున్నాం కానీ, కడియం వేసుకునే పిల్లలు, కిర్పాణ్ ధరించే సిక్కు పిల్లలు ఉన్నారు. వాళ్ల గురించి చట్టంలో ఒక్క మాటైనా ముందే ఉండాలి. గుమ్మంలో పంచాయితీ పెట్టుకోకూడదు.

డబ్బు విషయంలో ఎక్కువ చెప్పం. యంత్రం కొనడానికి రాష్ట్రం ఒకసారి ఇచ్చినా, ప్రతి గుమ్మం దగ్గర ఇద్దరు ముగ్గురు మనుషుల జీతం ఏటా ఎవరిస్తారు? చట్టం "తప్పనిసరి" అని ఆ సంగతి చెప్పకపోతే, జిల్లా దాన్ని ఇంకెక్కడినుంచో తీస్తుంది. తీసేది కౌన్సెలర్ ఉద్యోగమైతే మనం నష్టపోయినట్టే.

ఎందుకంటే, చదివినకొద్దీ మా చూపు గుమ్మం నుంచి వెనక్కి, ఇంటివైపు మళ్లింది. అమెరికా సీక్రెట్ సర్వీస్ 2019లో ఒక నివేదిక ఇచ్చింది. 2008 నుంచి 2017 దాకా బడుల మీద జరిగిన 41 దాడుల్ని ఒక్కొక్కటిగా విప్పి చూశారు. దాడిచేసిన ప్రతి పిల్లవాడిలోనూ ముందే ఆందోళన కలిగించే ప్రవర్తన ఉంది. నాలుగింట మూడు వంతులకు పైగా ముందే బెదిరించారు, లేదా చేయబోయేది ఎవరికో చెప్పారు. తుపాకీ వాడినవాళ్లలో 76 శాతం మందికి ఆ తుపాకీ దొరికింది తల్లిదండ్రుల ఇంట్లో, లేదంటే దగ్గరి బంధువుల ఇంట్లో. 2021లో ఇంకో నివేదికలో, జరగకుండా ఆగిపోయిన 67 కుట్రల్ని చూశారు. ఎక్కువగా ఆపింది యంత్రాలు కావు. ఏదో విని, భయపడి, పెద్దవాళ్లకు చెప్పిన తోటి పిల్లలు.

విండర్‌నే తీసుకోండి. ఆ పిల్లవాడి మీద అంతకుముందు ఏడాది, 2023 మేలో, ఇంటర్నెట్‌లో బెదిరింపు పెట్టాడని ఎఫ్‌బీఐకి సమాచారం వచ్చింది. షెరీఫ్ మనుషులు ఇంటికి వెళ్లి తండ్రిని, కొడుకును మాట్లాడించారు. కాదన్నారు, రుజువు కాలేదు. తరువాత బడి మారాడు. ఆ ఉదయం తల్లి బడికి ఫోన్ చేసి హెచ్చరించిందని వార్తల్లో వచ్చింది. తుపాకీ అందుబాటులో ఉంచాడని తండ్రి మీద కూడా కేసు పెట్టారు. అంతకుముందే మిషిగన్‌లో, ఆక్స్‌ఫర్డ్ హైస్కూలు కేసులో, కాల్చిన కుర్రాడి తల్లినీ తండ్రినీ 2024లో జ్యూరీలు దోషులన్నాయి. పదేళ్లకు తగ్గకుండా జైలు. మన జార్జియా శాసనసభ 2025లో ఒక చట్టం చేసింది. టీచర్ల దగ్గర అత్యవసర బటన్లు, బడి మారిన పిల్లవాడి రికార్డులు త్వరగా కొత్త బడికి చేరడం అందులో ఉన్నాయి. విండర్‌లో టీచర్ల మెడలో ఆ బటన్లు వారం ముందే వచ్చాయి. అవి లేకపోతే ఇంకా ఎందరో అని అక్కడి షెరీఫ్ కూడా అన్నారు. కాబట్టి యంత్రం అనగానే దండగ అనడం కూడా తప్పు.

ఇప్పుడు చెప్పబోయేది గుడిలో ఎత్తాలా వద్దా అని మాలో గట్టి వాదనే జరిగింది. ఎత్తుతున్నాం. బంగారం కోసం మనవాళ్ల ఇళ్లనే ఎంచుకుని దొంగలు పడ్డ సంగతి అందరికీ తెలుసు. ఆ భయంతో మనలో చాలామంది తుపాకీ కొన్నారు. ఎవరూ పైకి చెప్పరు. మా ఆరు కుటుంబాల్లో అడిగి చూస్తే రెండిళ్లలో ఉంది. ఒక ఇంట్లో పెట్టెలో, తాళంతో. ఇంకో ఇంట్లో మంచం పక్క సొరుగులో, తాళం లేకుండా, గుళ్లు నింపి, నాలుగేళ్లుగా. ఆ ఇంట్లో పదమూడేళ్ల పిల్లవాడున్నాడు. ఆ ఇల్లు ఎవరిదని అడగకండి. ఆ అన్నయ్యే ఈ వాక్యం రాయమన్నారు. "బంగారానికి బ్యాంకు లాకరు అద్దెకు తీసుకున్నాను, దీనికి నలభై డాలర్ల పెట్టె కొనలేదు" అన్నారు. ఆ సాయంత్రమే కొన్నారు. విండర్ సంఘటన నాటికి మన రాష్ట్రంలో ఇంట్లో తుపాకీకి తాళం వేసి తీరాలనే చట్టం లేదు. లేదని వదిలేద్దామా? మన పిల్లలకు తాళంచెవులు ఎక్కడ దాస్తామో తెలుసు. పూజగది బీరువా చెవి బియ్యం డబ్బాలో ఉందని మా ఇంట్లో ఆరేళ్ల పిల్ల చెప్పింది. అందుకే చెవి కాకుండా నంబరు తాళమో వేలిముద్ర తాళమో పెట్టుకోండి, గుళ్లు వేరేచోట దాచండి. పిల్లలు ఆడుకోవడానికి వెళ్లే ఇంటివాళ్లను కూడా అడగండి, "మీ ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేస్తారా" అని. మొహమాటం వేస్తుంది. ఇంట్లో కుక్క ఉందా అని అడగడానికి వేయదు కదా.

ఇంకో చిన్న విషయం, చిన్నదే కానీ ఇబ్బంది పెద్దది. జార్జియా చట్టం ప్రకారం బడి ఆవరణలో రెండంగుళాలు, ఆ పైన అలుగు ఉన్న చాకు ఆయుధం కింద లెక్క. మామిడికాయ కోసుకోమని డబ్బాలో చిన్న చాకు పెట్టిన తల్లి మాలోనే ఉంది. కొబ్బరికాయ కొట్టి తెచ్చిన కత్తి బ్యాగులో మరచిపోవచ్చు. దీపావళికి ఇండియా నుంచి తెచ్చిన రీళ్ల తుపాకీ ఒక పిల్లవాడి బ్యాగులో బడిదాకా వెళ్లి తిరిగొచ్చింది, ఎవరూ చూడలేదు కాబట్టి సరిపోయింది. యంత్రం వస్తే మన ఇళ్లలో మొదట దొరికేవి ఇవే. ఆదివారం రాత్రి బ్యాగు మొత్తం బోర్లించి చూడండి. ఎటూ మొన్నటి అరటిపండు కూడా దొరుకుతుంది.

పెద్దపిల్లలతో ఇంకో మాట చెప్పాలి. విండర్ తరువాత వారాల్లో ఫోనులో సరదాకి బెదిరింపు మెసేజ్‌లు పెట్టి రాష్ట్రమంతటా పిల్లలు అరెస్టయ్యారు. "జోక్ చేశాను" అంటే కేసు పోదు. తల్లిదండ్రుల వీసా మీద ఉన్న పిల్లలకైతే, అలాంటి కేసు రేపటి చదువునూ స్టేటస్‌నూ కూడా తాకవచ్చు. భయపెట్టడానికి కాదు, ఒకసారి భోజనం దగ్గర కూర్చోబెట్టి చెప్పమని అడుగుతున్నాం. దాంతోపాటే ఇంకోటి కూడా. స్నేహితుడు ఏదైనా భయపెట్టే మాట అన్నాడని మీ పిల్ల మీకు చెబితే, "మనకెందుకు వచ్చిన గొడవ" అనకండి. ఆ అలవాటు మనకు ఎక్కువే. మన పిల్లాడే గది తలుపేసుకుని నెలలు గడుపుతుంటే "నలుగురికీ తెలిస్తే ఏమంటారు" అని దాచే అలవాటు కూడా. 988కి ఏ వేళలో ఫోన్ చేసినా మాట్లాడేవాళ్లు ఉంటారు. తల్లిదండ్రులు కూడా చేయవచ్చు.

సరే, సంతకం సంగతి. చివరికి అయిదుగురం ఒక ఉత్తరం మీద ఒప్పుకున్నాం. ఊరికే "యంత్రాలు పెట్టండి" అనే ఉత్తరం కాదు. యంత్రాలు పెట్టమనే అంటున్నాం, ఎందుకంటే విండర్‌లో ఆ పోస్టర్ అట్టను మేము మరచిపోలేం. కానీ కొనేముందు స్వతంత్రంగా పరీక్షించిన ఫలితాలు, ఎన్ని పట్టింది, ఎన్ని వదిలింది, ఎన్నిసార్లు ఊరికే మోగింది అన్నది తల్లిదండ్రులకు చూపాలి. నిలబడే మనుషుల జీతానికి ఏటా రాష్ట్రం నిధులివ్వాలి, కౌన్సెలర్ల డబ్బు ముట్టుకోకూడదు. పక్క తలుపుల లెక్క కూడా ఉండాలి. యంత్రం మోగితే పిల్లవాడితో ఎలా మాట్లాడాలో, ఎవరు బ్యాగు చూడాలో, పోలీసును ఎప్పుడు పిలవాలో రాతలో ఉండాలి, చిప్స్ పొట్లానికి బేడీలు పడకుండా. కెమెరా సాఫ్ట్‌వేర్ ఒక్కటి పెట్టి చట్టం పాటించామనడానికి వీల్లేకుండా ఉండాలి. తుపాకీ తాళాల గురించి కూడా అదే ఉత్తరంలో అడిగాం. అక్కడ మాత్రం కొందరు సభ్యులకు అభ్యంతరం ఉంటుందని తెలుసు. ఆ వాక్యం కొట్టేసి సంతకం పెడతామన్నా పెట్టండి, కొట్టేసినట్టు పక్కన రాయండి.

ఆరో వ్యక్తి ఒప్పుకోలేదు. ఆయన ఇక్కడే, వెనక వరుసలో ఉన్నారు. ఆయన మాట ఆయన మాటల్లోనే చెబుతాం: "రోజూ నా కూతురు అనుమానితురాలిలా చేతులెత్తి బడిలోకి నడవడం నాకు వద్దు. ఆ డబ్బుతో ప్రతి బడిలో ఆ పేరుపెట్టి పలకరించే పెద్దావిడ లాంటివాళ్లను పదిమందిని పెట్టండి." ఆయనకు మా దగ్గర పూర్తి జవాబు లేదు. మూడు సమావేశాలు వాదించుకున్నాం, ఇప్పటికీ కాఫీ దగ్గర వాదించుకుంటున్నాం. మీలో కొందరు ఆయన వైపు ఉంటారు. అది కూడా ఉత్తరమే, ఆయన విడిగా రాశారు.

కమిటీ అడిగిన ప్రశ్నకు జవాబు: ఈ ఉత్తరాలు దేవాలయం పేరు మీద వెళ్లవు. పన్ను మినహాయింపు ఉన్న సంస్థగా గుడికి పరిమితులున్నాయి. ఏ అభ్యర్థినీ సమర్థించకూడదు. చట్టాల గురించి మాట్లాడటానికి కొంత వీలున్నా, సభ్యులందరి తరఫున మాట్లాడే హక్కు మాకు లేదు. తల్లిదండ్రులుగా ఎవరి పేరు మీద వాళ్లం పంపుతాం. ఇంకో పెద్దాయన అడిగారు, శివరాత్రికి, వైకుంఠ ఏకాదశికి గుడి గుమ్మంలో పోలీసును పెడుతున్నాం కదా, యంత్రం ఎందుకు పెట్టం అని. 2012లో విస్కాన్సిన్ ఓక్ క్రీక్ గురుద్వారాలో జరిగింది ఆయన మరచిపోలేదు. న్యాయమైన ప్రశ్న. భద్రతా కమిటీ వచ్చే సమావేశంలో చర్చకు తీసుకుంది. మేమూ వెళ్తాం.

రెండు ఉత్తరాలూ ప్రసాదం కౌంటరు పక్క బల్ల మీద ఉన్నాయి, తెలుగులో ఒక పేజీ సారాంశంతో. సంతకానికి ఇంటి చిరునామా, ఓటరు జిల్లా రాయాలి. పౌరసత్వం లేనివాళ్లు కూడా రాయవచ్చు, వాళ్ల పిల్లలూ ఆ బడులకే వెళ్తున్నారు. తుపాకీ పెట్టెలు ఏవి కొనాలో, ఎంతలో వస్తాయో తెలుసుకోవాలంటే అదే బల్ల దగ్గర నీలం చొక్కా అన్నయ్యను అడగండి, ఏమీ రాసుకోరు, ఎవరికీ చెప్పరు. మెట్ల మీద చప్పుడు వినిపిస్తోంది, పిల్లలు వస్తున్నట్టున్నారు. ప్రశ్నలుంటే పది నిమిషాలు ఉంది, వెనక కూర్చున్నవారితో మొదలుపెడదాం.